రెండు రిపోర్టులు రెండు రకాలుగా వచ్చాయి.. అమ్మ ఆపరేషన్ ఎక్కడ చేయించాలి?

మర్రిగూడ వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నారట. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి సంగతి మాత్రం చెబుతాను.

వాళ్ల అమ్మకు 58 ఏళ్లు. ముట్లు ఆగి ఏడేళ్లయింది. షుగర్ ఉంది, బరువూ ఎక్కువే. రెండు నెలల కింద చీరకు ఎరుపు కనిపిస్తే ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. మళ్లీ కనిపించాక కూతురికి చెప్పింది. నల్లగొండలో లేడీ డాక్టర్ స్కానింగ్ చేసి, గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని డీ అండ్ సీ (ఆ పొరను గీకి తీయడం) చేసి, ముక్క పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘కాంప్లెక్స్ ఎటిపికల్ హైపర్‌ప్లాసియా’ అని వచ్చింది. ఇది క్యాన్సర్ కాదు కానీ వదిలేస్తే అవుతుంది, వచ్చే వారం గర్భసంచి తీసేద్దాం అన్నారు డాక్టర్. ఈలోగా హైదరాబాద్‌లో ఉండే అన్న స్లైడ్లు, బ్లాకు (మైనంలో పొదిగిన ముక్క) తీసుకెళ్లి పెద్ద ఆస్పత్రిలో చూపించాడు. వాళ్లు ‘ఎండోమెట్రాయిడ్ కార్సినోమా, గ్రేడ్ 1’ అని రాసిచ్చారు. ఎంఆర్ఐ తీయాలి, అదే ముక్క మీద ఇంకొన్ని పరీక్షలు చేయాలి, ఆ తర్వాతే ఆపరేషన్ అన్నారు. మిగిలిన ముక్కను రీసెర్చ్‌కు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయమని ఒక కాగితం కూడా ఇచ్చారు.

ఇక ఇంట్లో రకరకాల మాటలు. నల్లగొండ ల్యాబు మీద కేసు వేస్తానంటాడు అన్న. హైదరాబాద్ వాళ్లే డబ్బుల కోసం క్యాన్సర్ అని రాశారంటుంది వదిన. కత్తి తగిలితే పాకుతుంది, పసరు మందు తాగిద్దాం అంటుంది పెద్దమ్మ. ఫ్లోరైడ్ నీళ్ల వల్లే వచ్చిందని ఊళ్లోవాళ్లు. నిరుడు క్యాంపులో పాప్ స్మియర్ చేసి నార్మల్ అన్నారు కదా, అదీ మోసమేనా అని ఇంకో అనుమానం. అమ్మకేమో ‘చిన్న గడ్డ’ అని మాత్రమే చెప్పారు. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, ‘మా మేనమామ 46 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు, నేను కూడా స్కానింగ్ చేయించుకోవాలా?’ అని అడిగారు.

అమ్మా, ముందు మీ అన్న కోపం సంగతి చూద్దాం. షుగర్ టెస్టులో మిషన్ ఒక అంకె చెబుతుంది. ముక్క పరీక్షలో అలాంటి అంకె ఏదీ రాదు. ఒక మనిషి మైక్రోస్కోపులో చూసి, ఆలోచించి, ఒక మాట రాస్తారు. కొన్ని జబ్బుల్లో ఆ మాట తేలిగ్గా తేలిపోతుంది. మీ అమ్మగారిది మాత్రం పాథాలజిస్టులు, అంటే ముక్కను పరీక్షించే డాక్టర్లు, తరచూ తలపట్టుకునే చోటు.

గర్భసంచి లోపలి పొరలో సన్నటి గొట్టాల్లాంటి గ్రంథులుంటాయి. వాటి మధ్య మెత్తటి కణజాలం ఉంటుంది. ముట్లు ఆగాక అండాశయాలు పని మానేసినా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. బరువు ఎక్కువున్నవాళ్లలో అది ఇంకా ఎక్కువ. దాన్ని అదుపులో పెట్టే ప్రొజెస్టిరాన్ ఉండదు కాబట్టి గ్రంథులు పెరిగి గుంపు కడతాయి. పత్తి చేను తలచుకోండి. మొక్కలు ఎంత గుబురుగా పెరిగినా సాళ్ల మధ్య నేల కనిపిస్తుంటే అది హైపర్‌ప్లాసియా. కొమ్మలు ఒకదాంట్లో ఒకటి దూరిపోయి నేలే కనపడకుండా పోతే క్యాన్సర్. ఈ మార్పు ఒక్కరోజులో వచ్చేది కాదు, అందుకే గీత ఎక్కడ గీయాలన్నదే పేచీ. పైగా డీ అండ్ సీలో వచ్చేది మొత్తం పొర కాదు, చిదిమినట్టున్న తునకలు.

ఈ పేచీ ఎంత పెద్దదో అమెరికాలో గైనకాలజిక్ ఆంకాలజీ గ్రూప్ చేసిన పరిశోధన చూస్తే తెలుస్తుంది. అక్కడి ఆస్పత్రుల్లో ‘ఎటిపికల్ హైపర్‌ప్లాసియా’ అని తేల్చిన సుమారు 300 మంది ముక్కలను ఈ విభాగంలో ఆరితేరిన పాథాలజిస్టుల ప్యానెల్‌కు మళ్లీ చూపించారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి రిపోర్టుతో ప్యానెల్ ఏకీభవించింది 38 శాతం కేసుల్లోనే. 29 శాతం కేసుల్లో ఇది క్యాన్సరే అన్నారు. సుమారు నాలుగో వంతు కేసుల్లో అంత పెద్ద జబ్బు లేదన్నారు. ఆ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకే చాలా కేసుల్లో ఒకరి మాట ఒకరితో కలవలేదు. కాబట్టి నల్లగొండలో ఒకరకంగా, హైదరాబాద్‌లో ఇంకోరకంగా రావడంలో కుట్ర ఏమీ వెతకక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. హైదరాబాద్ వాళ్ల చేతికి మీ అన్న బ్లాకు కూడా ఇచ్చాడు. మైనంలో పొదిగిన ఆ ముక్క నుంచి వాళ్లు ఇంకా లోతుగా కొత్త పొరలు కోసి చూసి ఉండొచ్చు. మొదటాయన స్లైడులో లేని చోటు రెండోవాళ్ల స్లైడులో కనిపించి ఉండొచ్చు. అలాగైతే ఇద్దరూ నిజమే రాశారు.

అదే పరిశోధనలో ఇంకో లెక్క ఉంది, మీ ఇంట్లో గొడవ తీర్చేది అదే. ఆ ఆడవాళ్లకు గర్భసంచి తీసి మొత్తం పరీక్షించినప్పుడు 42.6 శాతం మందిలో అప్పటికే క్యాన్సర్ ఉంది. అంటే నల్లగొండ రిపోర్టే సరైనదనుకున్నా, లోపల క్యాన్సర్ దాగి ఉండే అవకాశం పదింట నాలుగు. ఏ రిపోర్టు పట్టుకున్నా గర్భసంచి తీయాల్సిందే, లోపల క్యాన్సర్ ఉందనుకుని తీయాల్సిందే. ఎవరు రైటు అని తేల్చుకోవడం కన్నా, ఆపరేషన్ ఎవరు, ఎలా చేస్తారన్నది మీకు ముఖ్యం.

నల్లగొండ డాక్టర్‌ను నేనైతే మెచ్చుకుంటాను. నడుం నొప్పి అన్నా, తెల్లబట్ట అన్నా ముక్క పరీక్ష లేకుండానే గర్భసంచి తీసిపారేసిన ఊళ్లు మన జిల్లాల్లో ఎన్నున్నాయో మీకు తెలియంది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా కనిపించేది రెండు తెలుగు రాష్ట్రాల్లో. అలాంటి చోట ఆవిడ ఎరుపు కనిపించిందనగానే ముక్క తీసి పంపారు. కేసు వేస్తానని మీ అన్న ల్యాబుకెళ్లి అరిస్తే రేపు ఇంకో స్లైడు కావాల్సి వచ్చినప్పుడు తిప్పలు పడేది మీరే. అంతకన్నా అక్కడి పాథాలజిస్టును, హైదరాబాద్ పాథాలజిస్టును ఫోన్లో మాట్లాడుకోమని అడగండి. చాలాచోట్ల ఇది మామూలుగా జరిగే పనే.

పాప్ స్మియర్ మాట కూడా ఇక్కడే తేల్చేస్తాను. అది గర్భసంచి ముఖద్వారం కోసం చేసే పరీక్ష. లోపలి పొరలో ఏం జరుగుతోందో అందులో చాలాసార్లు కనపడదు. క్యాంపువాళ్లు నార్మల్ అన్నది ముఖద్వారం గురించి. అందులో మోసం లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

నల్లగొండలోనే వచ్చే వారం ఆపరేషన్ చేయించుకోవడం ఒకటి. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ, అమ్మకు తెలిసిన డాక్టర్. నిజంగా హైపర్‌ప్లాసియా మాత్రమే అయితే కథ అక్కడితో అయిపోతుంది. క్యాన్సర్ అని తేలితే చిక్కు మొదలవుతుంది. క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు ట్యూబులు, అండాశయాలు తీస్తారు, పొట్ట లోపలంతా చూస్తారు, అవసరాన్ని బట్టి లింఫు గ్రంథులు కూడా తీసి పరీక్షకు పంపుతారు. మామూలు గర్భసంచి ఆపరేషన్‌లో ఇవన్నీ ఉండవు. తర్వాత రిపోర్టు వచ్చాక మళ్లీ పొట్ట తెరవాలా, రేడియేషన్ ఇవ్వాలా, ఊరుకోవాలా అని సగం సమాచారంతో తేల్చుకోవాల్సి వస్తుంది. రెండో రిపోర్టు చేతిలో ఉండి కూడా ఆ పరిస్థితి తెచ్చుకోవడం నాకు నచ్చడం లేదు. ఏ కారణం చేతనైనా ఈ దారే పట్టాల్సి వస్తే ముందే కొన్ని మాటలు తీసుకోండి. గర్భసంచిని కడుపులో ముక్కలు చేయకుండా మొత్తంగా బయటికి తీయాలి. తీసినదాన్ని తగినంత ఫార్మలిన్‌లో వేసి మొత్తం పాథాలజీకి పంపాలి. పాత రిపోర్టులు రెండూ దానితో పాటే వెళ్లాలి.

పెద్దమ్మ భయంలో పిసరంత నిజం ఉన్నది ఇక్కడే. ముక్క పరీక్ష వల్ల ఈ క్యాన్సర్ పాకదు. కానీ దాగి ఉన్న క్యాన్సర్‌తో గర్భసంచిని పొట్ట లోపల మిషన్‌తో తురిమితే కణాలు చెదిరిపోతాయి. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో ఆ మిషన్ల మీద హెచ్చరిక ఇచ్చింది. పసరు మందు మాత్రం వద్దు. షుగర్ మనిషికి తెలియని మందు తాగిస్తే ఆపరేషన్ రోజు మత్తు డాక్టర్‌కు లేని తలనొప్పి.

రెండో దారి హైదరాబాద్. ఇప్పుడు చూపిస్తున్న ఆస్పత్రిలోనే చేయించుకోవచ్చు. ఖర్చు భయం ఉంటే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఎంఎన్‌జే రెడ్ హిల్స్‌లో ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లి ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఆపరేషన్ ప్యాకేజీలో ఏమేం వస్తాయి, ముక్క మీద చేసే ప్రత్యేక పరీక్షలు అందులో ఉన్నాయా, చేతి నుంచి పెట్టుకోవాలా అన్నది మొదటిరోజే అడగండి. ఇక్కడ కష్టమల్లా తిరుగుడు. ఓపీ లైన్లు, ఎంఆర్ఐకి ఒకరోజు, మత్తు డాక్టర్ ఫిట్‌నెస్‌కు ఇంకోరోజు. మీ స్కూల్లో సెలవులు, అన్న డ్యూటీ, అమ్మను బస్సెక్కించి దించడం. అందుకు మనసు సిద్ధం చేసుకోండి. వారాలు గడుస్తుంటే జబ్బు ముదురుతుందేమోనని భయం ఉంటుంది. గ్రేడ్ 1 అంటే నెమ్మదిగా నడిచే రకం. పరీక్షలకు రెండు మూడు వారాలు పడితే నష్టం లేదు. ‘పత్తి ఏరడం అయ్యాక చూద్దాం’ అని నెలలు జరపడం వేరు.

మూడో చోట చూపించడం ఒకటి ఉంది. అడిగే హక్కు మీకుంది, బ్లాకు తీసుకుని వెళ్లొచ్చు. కానీ మూడో రిపోర్టు ఏదొచ్చినా చేయాల్సిన పని మారదు కాబట్టి నేనైతే దీనికి పది రోజులు పెట్టను. బ్లాకు ఎక్కడికి తీసుకెళ్లినా ఎండలో ఆపిన కారులోనో, బండి డిక్కీలోనో వదిలేయకండి. అది మైనం. మన ఎండలకు పాడైతే ఆ ముక్క మళ్లీ రాదు.

ఆపరేషన్ లేకుండా ప్రొజెస్టిరాన్ మాత్రలతోనో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తోనో నెట్టుకురావడం కూడా ఒక వైద్యమే. అది పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్లకు, మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకు. మీ అమ్మగారికి మత్తు డాక్టర్ వద్దంటే తప్ప దాని ఊసు అక్కర్లేదు.

మత్తు అన్నాను కాబట్టి ఫ్లోరైడ్ సంగతి. ఫ్లోరైడ్ మీ వైపు ఎముకలను, పళ్లను ఎంత దెబ్బతీసిందో లోకమంతా చూసింది. గర్భసంచి క్యాన్సర్‌కు దాన్ని కారణం అనడానికి ఆధారం లేదు. బరువు, షుగర్, ఆలస్యంగా ముట్లు ఆగడం లాంటివి తెలిసిన కారణాలు. కానీ ఇంకో రకంగా ఇది పనికొచ్చే మాట. అమ్మకు నడుం, మెడ బిగుసుకుపోయి ఉంటే వెన్నులో మత్తు సూది దిగడం కష్టమవుతుంది, గొట్టం వేయడానికి మెడ వెనక్కి వంచడమూ కష్టమే. కిందికి వంగగలదా, మెడ తిప్పగలదా అన్నది మత్తు డాక్టర్‌కు మీరే ముందుగా చెప్పండి. ఓపీ రద్దీలో వాళ్లు అడగకపోవచ్చు.

ఇప్పుడు మీరు చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యం. ఉత్తరం మొత్తంలో నేను గీత గీసి పెట్టుకున్నది దాన్నే. 46 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయిన తమ్ముడు, 58 ఏళ్లకు గర్భసంచి క్యాన్సర్ వచ్చిన అక్క. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్యలో ఈ రెండు క్యాన్సర్లూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. డీఎన్ఏలో పడే తప్పులను దిద్దే జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే పాడై ఉంటుంది. హైదరాబాద్‌లో ముక్క మీద చేస్తామన్న పరీక్షల్లో నాలుగు ప్రొటీన్ల పరీక్ష ఉందేమో అడగండి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అని రాస్తారు. మేనమామ సంగతి డాక్టర్‌కు చెప్పారా? చెప్పకపోతే ఈసారి వెళ్లినప్పుడు మొదట చెప్పాల్సింది అదే. ఆ ప్రొటీన్లలో ఏదో ఒకటి లేదని వచ్చినంత మాత్రాన వంశం జబ్బని కాదు, వయసు మళ్లాక ఆ గడ్డలోనే ఒక జన్యువు మూతపడటం వల్ల అలా రావడమే ఎక్కువ. గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్లలో లించ్ ఉండేది 3 శాతం దాకా. కానీ మీ ఇంట్లో మేనమామ చరిత్ర ఉంది కాబట్టి తేల్చుకోవాల్సిందే. అలాంటి జన్యువు అమ్మలో ఉందని రక్త పరీక్షలో తేలితే మీకు, మీ అన్నకు చెరిసగం అవకాశం. ఉన్నవాళ్లు ముందు నుంచే కొలనోస్కోపీలు (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్షలు) చేయించుకుంటూ పేగు క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకోవచ్చు. మేనమామ పిల్లలకూ ఈ కబురు చేరాలి.

ఆ పరీక్షలతో పాటే పీ53 అని ఇంకో ప్రొటీన్ పరీక్ష ఉంటుంది. 2013లో అమెరికాలో 373 గర్భసంచి క్యాన్సర్ల జన్యువులను చదివి, మైక్రోస్కోపులో ఒకేలా కనిపించేవి కూడా లోపల నాలుగు రకాలని తేల్చారు. ఒక రకం తిరగబెట్టడం అరుదు, ఇంకో రకం మొండిది. 2023లో సవరించిన స్టేజీల పద్ధతిలో ఆ విభజనను కూడా చేర్చారు. అందుకే ‘ఇంకొన్ని పరీక్షలు’ అన్నారు తప్ప డబ్బు గుంజడానికి కాదని మీ వదినతో చెప్పండి. ఆపరేషన్ తర్వాత ఇంకో రిపోర్టు వస్తుంది. గడ్డ కండరంలోకి సగానికి మించి దిగిందా, రక్తనాళాల్లో కణాలున్నాయా అన్నది అప్పుడే తెలిసేది. అది ఇప్పటి రెండింటితోనూ కలవకపోవచ్చు. అప్పుడు మళ్లీ కేసులంటూ బయల్దేరకుండా మీ అన్నకు ఇప్పుడే చెప్పి ఉంచండి. మేలైన మాట కూడా చెప్పండి. గర్భసంచి దాటకముందే పట్టుబడితే ఐదేళ్ల తర్వాత బాగున్నవాళ్లు అమెరికా లెక్కల్లో 90 శాతానికి పైనే.

ఇక రీసెర్చ్ కాగితం. ఆ సంతకం మీది కాదు, మీ అన్నది కాదు. మీ అమ్మది. ఆపరేషన్ కాగితం మీద చేయాల్సిన సంతకమూ ఆమెదే. ‘చిన్న గడ్డ’ అని చెప్పి ఆ రెండు కాగితాలు ఆమె ముందు ఎలా పెడతారు? క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు చూసి, పక్క బెడ్డువాళ్లను చూసి ఆమే తెలుసుకుంటుంది. అప్పుడు మీ దగ్గర ఏమీ అడగదు, లోపల్లోపల కుమిలిపోతుంది. చెబితే మొదటి రెండు రోజులు ఏడుస్తుంది, అన్నం మానేయొచ్చు కూడా. తర్వాత ప్రశ్నలు అడుగుతుంది, జవాబు చెప్పుకునే వీలు మీకుంటుంది. అన్నీ ఒకేసారి చెప్పక్కర్లేదు. ‘అమ్మా, ముక్క పరీక్షలో క్యాన్సర్ మొదటి దశలో ఉన్నట్టుంది, ఆపరేషన్ చేస్తే పోయే అవకాశం చాలా ఎక్కువ’ అంటే చాలు. మీకు నోరు రాకపోతే నల్లగొండ డాక్టర్‌నే చెప్పమనండి, ఆమెకు నమ్మకం ఉన్నది అక్కడే.

కాగితం విషయంలో అవునన్నా కాదన్నా వైద్యంలో తేడా రాకూడదు. అది నియమం. ముక్కను అమ్ముకుంటారన్న భయం ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి, ఆ వివరం కాగితంలోనే ఉండాలి. పేరు దాచి నంబరుతో వాడతారా, వైద్యానికి మళ్లీ అవసరమైతే బ్లాకులో ముక్క మిగులుస్తారా, తర్వాత మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా, కుటుంబానికి పనికొచ్చే జన్యు సంగతి బయటపడితే మీకు చెబుతారా? నాలుగింటికీ తిన్నగా జవాబు వస్తే సంతకం పెట్టడంలో నాకు అభ్యంతరం కనిపించదు. పైన చెప్పిన జబ్బు లెక్కలు ఎక్కువగా అమెరికావి, మన ఆడవాళ్లవి చెప్పడానికి నా దగ్గర లేకపోవడానికి ఇలాంటి ముక్కలు తక్కువగా పోగవడమూ ఒక కారణం. అయినా అమ్మ వద్దంటే వద్దు. కారణం చెప్పే పని కూడా లేదు.

మీ సంగతి. ఏ ఇబ్బందీ లేకుండా ఇప్పుడు స్కానింగ్ తీయించుకుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు. అమ్మ ముక్క మీద ఆ నాలుగు ప్రొటీన్ల రిపోర్టు వచ్చేదాకా ఆగండి. అది తేడాగా వస్తే జన్యు పరీక్ష ఎవరెవరికి అన్నది అక్కడి డాక్టర్లే చెబుతారు. ఈలోగా నెలసరి గతి తప్పినా, మధ్యలో రక్తం కనిపించినా, మలంలో రక్తం పడినా వెంటనే చూపించుకోండి. ముప్పై దాటి ఉంటే ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ మాత్రం అమ్మ జబ్బుతో పనిలేకుండా చేయించుకోవాల్సిందే. దాని కారణం వేరు, అది హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చేది. మీ దగ్గరి ప్రభుత్వాస్పత్రిలో అడగండి, మీ వదినను కూడా వెంట తీసుకెళ్లండి.